ఒకటి నీకు, ఒకటి సొరుగుకి

"ఆత్మహత్యాయత్నం," అన్నాడు జారిచ్, నూనె కారే బురెక్ రొట్టె నములుతూ. "అదీ రెండు రకాలుగా. ముందు మాత్రలు, ఆపైన కరెంటు. ఒకటి పనిచేయకపోతే రెండోది ఉంటుందని. జాగ్రత్తపరుడే పెద్దాయన."

1986 ఏప్రిల్, సోమవారం, ఉదయం పది గంటల ఐదు నిమిషాలు. నిష్ పట్నం రేడియో క్లబ్బు నేలమాళిగలో నిలబడి ఉన్నాం మేమిద్దరం. ఒకే పోలీసు కార్యాలయంలో ఇన్‌స్పెక్టర్లం. పన్నెండేళ్లుగా ఒకరి కేసుల్లో ఒకరం తప్పులు వెతుక్కుంటూ కాలం గడుపుతున్నాం. అతనికి నేనంటే పడదు. నాకు అతని చేతి నూనె పడదు, ముఖ్యంగా సాక్ష్యాల మీద.

అతని చంకలో టైపు చేసిన నివేదిక ఉంది. ఒంటిగంటకల్లా అది పై అధికారి బల్ల మీదికి చేరాలి. అందులో ఉన్నది ఇంతే: క్లబ్బు నడిపే వెలిమీర్ పేషిచ్, అరవై మూడేళ్లు, నేలమాళిగ ఖాళీ చేయమని శుక్రవారం నోటీసు అందుకున్నాడు. శనివారం సాయంత్రం ఇక్కడే మాత్రలు మింగి, కరెంటు తీగ పట్టుకున్నాడు. ఐదూ ఇరవైకి గదులు తుడిచే మనిషి చూసి కేకలు వేసింది. ప్రస్తుతం ఆసుపత్రిలో ఉన్నాడు, స్పృహ లేదు.

"దీని మీద సంతకం పడితే ఏమవుతుందో తెలుసా నీకు?" అన్నాను.

"తెలుసు. కళ్లు తెరిచాక మానసిక వైద్యశాలకి పంపిస్తారు. ఈ గదికి తాళం పడుతుంది."

"ఇక ఆయన చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇవ్వరు. అది లేకపోతే ఆయన బతకడు."

"ఊళ్లో ముప్పాతిక మంది దాన్ని ముట్టుకోకుండానే బతుకుతున్నారు లేపా. పెళ్లిళ్లు కూడా చేసుకుంటున్నారు."

నా పూర్తి పేరు లెపొసావ. లేపా అని పిలవమని నేనెప్పుడూ అతనికి చెప్పలేదు.

నిజానికి నాకు ఒళ్లు మండింది బురెక్ వల్ల కాదు, పెళ్లి వల్లా కాదు. ఈ గదిలో గుగ్గిలం వాసన ఇంకా అలాగే ఉంది. టాంకా వేసేటప్పుడు కరిగే గుగ్గిలం వాసన. ఎక్కడ తగిలినా ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. నాకు పదకొండేళ్లప్పుడు ఈ మెట్లు దిగి వచ్చాను. ఆడపిల్లకి తీగలతో ఏం పని అని క్లబ్బంతా నవ్వింది. వెలిమీర్ మాస్టారు మాత్రం ఐరన్ నా చేతికిచ్చి, "వేడిగా ఉన్న వైపు పట్టుకోకు" అన్నారు. నాకు పెట్టిన ప్రవేశ పరీక్ష అంతే. ఆ మనిషి అరవై మూడేళ్ల వయసులో పిచ్చివాడిగా కాగితానికెక్కడం నేను చూస్తూ ఊరుకోలేను.

"మాత్రలు చూపించు," అన్నాను.

పనిబల్ల మీద సాసరులో ఐదు ఆస్పిరిన్ మాత్రలు ఉన్నాయి. పక్కనే ఖాళీ అట్ట, సగం నీళ్లతో గ్లాసు.

"అట్టకి పది. ఐదు ఇక్కడ, ఐదు కడుపులో," అన్నాడు జారిచ్.

"ఈ మాత్ర మీద కాలిన గాడి ఏమిటి?"

"సిగరెట్టు ఆర్పి ఉంటాడు."

"మాస్టారు సిగరెట్టు ముట్టరు. మాత్ర మీద సిగరెట్టు ఆర్పేవాణ్ణి నువ్వెక్కడ చూశావు?"

సమాధానం కోసం ఆగకుండా ఐరన్ ప్లగ్గులో పెట్టాను. వేడెక్కేదాకా ఆయన తీగచుట్ట నుంచి వెంట్రుకంత సన్నటి రాగితీగ తీశాను. దాని మీద కంటికి కనిపించని వార్నిష్ పూత ఉంటుంది. అది పోకపోతే టాంకా అతకదు. కత్తితో గీకితే తీగే తెగుతుంది. తీగ కొసని మాత్ర మీద ఉంచి ఐరన్‌తో నొక్కాను. బుస్సుమని పొగ లేచింది. ముక్కులో మిరపకాయ దూర్చినట్టు ఘాటు. జారిచ్ బురెక్‌తో సహా తలుపు దగ్గరికి పరుగెత్తాడు.

"ఏమిటిది, చంపుతావా!"

"చూడు." తీగ కొస వెండిలా మెరుస్తోంది. "ఆస్పిరిన్ వార్నిష్‌ని తినేస్తుంది. క్లబ్బులో చేరిన మూడో రోజు నేర్పేవారు మాకు. ఈ గదిలో ఎవరికైనా తలనొప్పి వస్తే మాత్ర దొరికేది కాదు, అన్నీ తీగలే మింగేసేవి. గ్లాసులో నీళ్లు స్పాంజి తడపడానికి. నమ్మకపోతే చెత్తడబ్బా చూడు."

వంగి చూశాడు. గోధుమరంగుకి మాడిన మాత్రల ముక్కలు. పుల్లతో కదిపి లెక్కపెట్టుకున్నాడు. ఐదు మాత్రలకి సరిపడా ఉన్నాయి. జారిచ్‌లో నాకు నచ్చే గుణం ఒక్కటే ఉంది: కళ్లముందు ఉన్నదాన్ని లేదనడు. పెన్సిలు తీసి నివేదికలో రెండు వాక్యాలు కొట్టేశాడు.

"మాత్రలు పోయాయి. కరెంటు ఇంకా ఉంది," అన్నాడు.

కరెంటు ఉన్నది రత్లుక్ మిఠాయి రేకుడబ్బాలో. మాస్టారు తన సొంత కంప్యూటర్‌కి కరెంటు అందించే ట్రాన్స్‌ఫార్మర్‌ని అందులో బిగించారు. మూత మీద గులాబీ బొమ్మ ఇంకా చెరగలేదు. డబ్బా పక్కన చిల్లు, చిల్లులోంచి తలుపు పక్క గోడ ప్లగ్గుకి వెళ్లే తీగ.

"ఈ ముడి చూశావా?" అన్నాను. తీగ డబ్బాలోకి వెళ్లగానే లోపలివైపు ముడి వేసి ఉంది. "ఎవరి కాలైనా తగిలి తీగ లాగినా, ముడి చిల్లు దగ్గర ఆగిపోతుంది, లోపలి టాంకాలు ఊడవు. మాస్టారు ముడి వేయకుండా ఏ పెట్టె మూయరు. ఇప్పుడు చిల్లు అంచు చూడు, బయటికి వంగి ఉంది. ముడి సగం బయటికొచ్చింది. కాలు తగిలితే ఇలా కాదు, ఎవరో బలంకొద్దీ లాగారు. అదీ తలుపు వైపు నుంచి. టాంకా ఊడి, తీగ లోపల రేకుకి తగిలింది. ఆ క్షణంలో మాస్టారి కుడి అరచెయ్యి మూత మీద ఉంది. కాలింది ఆ చెయ్యే."

"తనే లాగి ఉండొచ్చు."

"కుడిచెయ్యి మూత మీద ఉంచి, రెండు మీటర్ల అవతల తలుపు దగ్గర్నుంచి?"

జారిచ్ గోడకానుకున్నాడు. "లాగిన మనిషిని చూపించు లేపా. కాగితం నీ ముందే చింపేస్తా. మనిషి లేకపోతే మాత్రం ఒంటిగంటకి సంతకం పడుతుంది."

మెట్ల మీద కూర్చున్న రూజిత్సాని లోపలికి పిలిచాను. గదులు తుడిచేది ఆమే. కళ్లు వాచి ఉన్నాయి.

"పిన్నీ, శనివారం ఎవరెవరు వచ్చారు?"

"నాలుగింటికి వూకా వచ్చాడమ్మా. ఇంజినీరు బాబు. ఇంకెవరూ రాలేదు."

"ఎప్పుడు వెళ్లాడు?"

"అదే చూళ్లేదు. నాలుగుంపావుకి నేను మా చెల్లెలింటికి పోయా. తిరిగొచ్చేసరికి ఐదూ ఇరవై. రేడియో మోగుతోంది, ఎవరో ప్రేమపాట పాడుతున్నాడు. ఈయనేమో కింద..." కొంగు లేదు కాబట్టి ఏప్రాన్‌తో కళ్లు తుడుచుకుంది.

"బల్ల మీద ఏమైనా ముట్టుకున్నావా?"

"ఆ బల్లా? ఇరవయ్యేళ్లుగా దుమ్ము దులపనివ్వలేదమ్మా నన్ను. దుమ్ముక్కూడా లెక్క ఉందంటాడు."

వూకా, అంటే వుకాషిన్ తోమిచ్. చిన్నప్పుడు నేనూ అతనూ ఒకే ఐరన్ పంచుకున్నాం. జారిచ్ ఆదివారమే అతన్ని ప్రశ్నించాడు. నాలుగుంపావుకి ఇక్కణ్ణుంచి బయల్దేరి, నిషావా నది దాటి ఇంటికి చేరి, నాలుగున్నరకి రేడియోలో ప్రోగ్రామ్ రికార్డు చేసుకున్నానని చెప్పాడట. క్యాసెట్ కూడా ఉందట.

ప్రతి శనివారం నాలుగున్నరకి రేడియోవాళ్లు కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని గాల్లోకి వదిలేవారు. చెవికి అది వట్టి కీచు రొద. దాన్ని క్యాసెట్‌లో పట్టి, ఇంట్లో కట్టుకున్న కంప్యూటర్‌కి వినిపిస్తే అదే ఆటో, పటమో, లెక్కో అయ్యేది. కొట్లో కంప్యూటర్ కొనే రోజులా అవి? ఊళ్లో సగంమంది వంటబల్ల మీద చేసుకున్నారు. శనివారం ఆ ఐదు నిమిషాలు ఎవరింట్లోనూ మిక్సీ తిప్పడానికి వీల్లేదు, తిప్పితే రేడియోలో బరబర వచ్చి ప్రోగ్రామ్ చెడిపోతుంది. ఎన్ని కాపురాల్లో గొడవలయ్యాయో మాస్టారికి బాగా తెలుసు.

ఇక్కడ రేడియో నుంచి రెండు తీగలు రెండు టేప్ రికార్డర్లకి వెళ్తున్నాయి. చక్రాల టేపుల కాలం నుంచీ మాస్టారికి రెండు నియమాలు. ఒకటి: ఏది పట్టినా ఒకేసారి రెండు టేపుల మీద పట్టాలి. 'ఒకటి నీకు, ఒకటి సొరుగుకి' అనేవారు. రెండోది: కొంప మునిగినా రికార్డింగు మధ్యలో ఆపకూడదు.

మొదటి రికార్డర్లో టేపు చివరిదాకా తిరిగి తనంతట తనే ఆగిపోయి ఉంది. క్యాసెట్ మీద మాస్టారి చేతిరాతలో 42. రెండో రికార్డర్ మూత తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు. సొరుగు లాగాను. శనివారం ప్రోగ్రామ్ క్యాసెట్లు 1 నుంచి 41 దాకా వరసగా ఉన్నాయి.

"సొరుగు క్యాసెట్ ఎవరో తీసుకుపోయారు," అన్నాను.

"లేదా పెట్టనేలేదు."

"ఇరవయ్యేడేళ్లలో పెట్టని రోజు లేదు."

అలమరలో ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ దొరికింది. మాస్టారి దగ్గర దేనికైనా రెండోది ఉంటుంది. కంప్యూటర్‌ని పాత టీవీకి తగిలించి, 42ని వినిపించాను. ముందు అనౌన్సర్ గొంతు: "సమయం నాలుగూ ముప్పై ఒకటి. రికార్డర్లు సిద్ధమేనా మిత్రులారా?" తర్వాత కీచు రొద మొదలైంది. తెర మీద వరసల అంకెలు పది, ఇరవై, ముప్పై అంటూ నడిచాయి. నూట అరవై దగ్గర రొదలో కర్రుమని గీత పడింది. అంకెలు ఆగిపోయి, తెర మధ్యలో ప్రశ్నార్థకం వచ్చింది. ఆ పెట్టెకి అర్థం కాకపోతే అదొక్కటే చూపిస్తుంది.

వాచీ చూసుకున్నాను. రొద మొదలైన రెండు నిమిషాల పది సెకన్లకి ఆ కర్రు. "నాలుగూ ముప్పై మూడు. తీగ రేకుకి తగిలి మెరుపు కొట్టిన క్షణం అదే జారిచ్. రేడియో దాన్ని పట్టుకుంది, టేపు రాసుకుంది."

"ఒకవేళ స్టేషన్ వాళ్లే చెడగొట్టి ఉంటే? ఊరంతా అలాగే వినిపించి ఉంటే?"

మంచి ప్రశ్నే. "అయితే ఇంకెక్కడో పట్టిన క్యాసెట్ కావాలి. ఎవర్నడగాలి?"

జారిచ్ బూట్ల వంక చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నా దగ్గరుంది," అన్నాడు.

"నీ దగ్గరా?"

"అలా చూడకు. నేనే కట్టుకున్నా, పత్రిక చూసి. స్నానాలగదిలో కూర్చుని టాంకాలు వేస్తా. మా ఆవిడ నాకు కడుపు బాగాలేదనుకుంటోంది. ఆరు నెలలుగా పెరుగన్నమే పెడుతోంది." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఆఫీసులో చెప్పావంటే మర్యాదగా ఉండదు."

పదకొండూ రెండుకి వెళ్లినవాడు పదకొండున్నరకి క్యాసెట్‌తో వచ్చాడు. పెట్టాను. "శబ్దం తగ్గించు, నాలుగు దగ్గర ఉంచు," అని నా చెయ్యి పక్కకి నెట్టి తనే గుండీ తిప్పాడు. అంకెలు నూట అరవై దాటాయి, మూడొందలు దాటాయి. తెర మీద చుక్కలతో చేసిన కప్ప ఒకటి ప్రత్యక్షమై, రాయి మీంచి రాయి మీదికి గెంతింది. జారిచ్ మీట నొక్కి దాన్ని రెండుసార్లు గెంతించాడు, మూడోసారి నీళ్లలో పడేశాడు. ఆ రెండు నిమిషాలూ మేం పదేళ్ల పిల్లలమే. సిగ్గుపడే పనేమీ కాదది, నేను పడలేదు.

"స్టేషన్ తప్పు కాదు," అన్నాడు చివరికి.

కబురు పంపితే వూకా పదకొండూ యాభైకి వచ్చాడు. మంచి కోటు, మంచి బూట్లు. తల వంచకుండా మెట్లు దిగేవాళ్లకి ఆ దూలం తగులుతుంది. అతను అలవాటుగా వంగాడు. పన్నెండేళ్లప్పుడు నేను చూసుకోక కాల్చిన మచ్చ అతని బొటనవేలి మీద అలాగే ఉంది. ఆ రోజు మాస్టారు అడిగితే, "నేనే కాల్చుకున్నా" అని నాకోసం అబద్ధం చెప్పాడు. అంత చక్కగా అబద్ధం చెప్పగలడని నేను మొదట మెచ్చుకున్నది కూడా ఆ రోజే.

"ఎలా ఉన్నారు మాస్టారు?" అన్నాడు.

"స్పృహ రాలేదు. కూర్చో వూకా. సర్క్యూట్ బొమ్మలో ఎర్తుకి, అదే నేల గుర్తుకి, ఎన్ని గీతలు వేస్తాం?"

నవ్వాడు. "ఏమిటే, మళ్లీ పరీక్షా? మూడు."

బల్ల మీదున్న కొత్త పత్రిక విప్పాను. అందులో ఒక కంప్యూటర్ సర్క్యూట్ బొమ్మ, కింద వుకాషిన్ తోమిచ్ అని పేరు. "మరి ఇందులో నేల గుర్తులన్నిటికీ నాలుగెందుకున్నాయి? 'భూమి లోతుగా ఉంటుందమ్మా, ఇంకో గీత గీస్తే పోయేదేముంది' అని నాలుగు గీసే మనిషి దేశం మొత్తంలో ఒక్కరే."

నవ్వు పోయింది. "ఆయన దగ్గర నేర్చుకున్నాను. అలవాటయింది."

"ఇప్పుడే మూడన్నావుగా కామ్రేడ్," అన్నాడు జారిచ్.

"మాస్టారి బొమ్మని నీ పేరుతో వేసుకున్నావు. దీని గురించే శనివారం వచ్చావా?" అన్నాను.

"మాట్లాడుకున్నాం. ఆయన కోప్పడ్డారు. నేను నాలుగుంపావుకి వెళ్లిపోయాను. నాలుగున్నరకి మా ఇంట్లో ఉన్నాను. కావాలంటే ఇదిగో." కోటు జేబులోంచి క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టాడు. "మొత్తం ప్రోగ్రామ్ ఉంది. మొదటినుంచి చివరిదాకా."

"ఎక్కించి చూశావా?"

"నిన్న ఖాళీ దొరకలేదు."

"అయితే ఇప్పుడు ఎక్కించు."

అతనే పెట్టాడు. అతనే మీట నొక్కాడు. అనౌన్సర్ అడిగాడు, రికార్డర్లు సిద్ధమేనా అని. రొద మొదలైంది. పది, ఇరవై, ముప్పై. నేను తెర చూడలేదు, వూకా మొహమే చూస్తూ కూర్చున్నాను. నూట యాభై. ఆ కప్ప గెంతాలని, నేను పొరపాటు పడ్డానని తేలాలని, నిజం చెప్తున్నాను, ఎంతగానో కోరుకున్నాను.

కర్రుమంది. నూట అరవై. ప్రశ్నార్థకం.

"నది అవతల నీ ఇంట్లో పట్టిన టేపులో ఈ గది మెరుపు ఎలా పడింది వూకా?" అన్నాను.

జారిచ్ చంకలోంచి నివేదిక తీసి నిలువునా చింపాడు. మళ్లీ అడ్డంగా చింపాడు. పన్నెండూ పది. మాస్టారి పేరు మీద ఇక ఏ మచ్చా పడదు. పని పూర్తయిందనుకుని రికార్డర్ ఆపబోయాను.

అప్పుడే గమనించాను. తెర మీద ప్రశ్నార్థకం ఉన్నా, టేపు ఇంకా తిరుగుతోంది. రొద ఇంకా వస్తోంది. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"లేపా, కట్టెయ్," అన్నాడు వూకా.

"ఆగు."

ముగ్గురం నిలబడి విన్నాం. ఒక నిమిషం గడిచింది. రెండు. జారిచ్‌కి కూడా అర్థమైంది, టోపీ తీసేశాడు. కర్రుమన్న రెండు నిమిషాల యాభై సెకన్లకి రొద ఆగి, "వచ్చే శనివారం మళ్లీ కలుద్దాం మిత్రులారా, సమయం నాలుగూ ముప్పై ఆరు" అన్న గొంతు వినిపించింది. ప్రేమపాట అందుకుంది. రెండు ముక్కలు పాడగానే టక్కున ఆగింది. ఆపింది మీట నొక్కిన వేలు.

ఆసుపత్రి డాక్టరు నాకు ఆదివారమే చెప్పాడు. వెంటనే కబురందితే ఈపాటికి కూర్చుని సూప్ తాగుతూ ఉండేవారని. టెలిఫోను ఉన్నది తలుపు పక్కనే, వూకా నిలబడ్డ చోటికి మూడడుగుల దూరంలో.

"తీగ లాగడం కోపంలో జరిగింది. అంతవరకూ నమ్ముతాను," అన్నాను. "ముప్పై మూడుకి ఆయన నీ కళ్లముందు పడిపోయారు. ముప్పై ఆరుకి నువ్వు క్యాసెట్ తీశావు. ఈ మధ్యలో ఏం చేశావు వూకా?"

బొటనవేలి మీది మచ్చని రెండో చేత్తో రుద్దుకుంటూ ప్రశ్నార్థకం వైపే చూశాడు. తర్వాత, పన్నెండేళ్ల పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు:

"రికార్డింగు మధ్యలో ఆపకూడదు కదే."